ఎప్పుడూ కొట్టేదే

3, సోమవారం

బల్బు మార్చడం ఎలాగో నాకు నేర్పబోయి ఆయన స్టూలు మీద నుంచి పడి ఇవాళ్టికి ఆరు రోజులు. పాదంలో ఎముక విరిగింది. నెలన్నర కట్టు. బల్బు ఇంకా మార్చలేదు.

లైబ్రరీ బండికి ఇంకో డ్రైవరు లేడు. పెద్దసారు ఫైల్లోంచి తల కూడా ఎత్తకుండా, "మీకు లైసెన్సు ఉందిగా, మీరే నడపండి," అన్నారు. పన్నెండేళ్ళుగా ఆ బండిలో ఆయన పక్కన కూర్చుని వీధి వీధికీ పుస్తకాలు పంచే మనిషిని నేను. సీటు మారడమే కదా అనుకున్నాను. కానీ ఆ సీట్లోంచి చూస్తే రోడ్డు సగానికి సగం సన్నబడి కనిపించింది.

ఆయన కాగితం నిండా జాగ్రత్తలు రాసిచ్చారు. మొత్తం ముప్పై రెండు. క్లచ్చు మీద ఊరికే కాలు ఆనించకూడదు. ఎత్తు ఎక్కేటప్పుడు బతిమాలాలి గానీ బెదిరించకూడదు. వర్షంలో తిట్టకూడదు. బండి వయసు పందొమ్మిదేళ్ళు. ఆ పందొమ్మిదేళ్ళూ ఆయనొక్కరే నడిపారు. దానికి పేరు కూడా ఆయనే పెట్టారు: ముసలిది.

గంటకొకసారి మంచం మీద నుంచి ఫోను. "ముసలిది ఎలా ఉంది? దగ్గుతోందా? పొగేమైనా వదిలిందా?"

పక్కగదిలో అత్తయ్య ఇదంతా వింటూనే ఉన్నారట. సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే, "నేను పొగ వదలడమేమిటే అమ్మాయ్?" అని నిలదీశారు. నచ్చజెప్పడానికి అరగంట పట్టింది. ఇంకా పూర్తిగా నమ్మినట్టు లేరు.

మొత్తం మీద బాగానే నడిపాను. బాగా అంటే, ఎవరికీ ఏమీ కాలేదు.

4, మంగళవారం

ఇవాళ ఏమీ జరగలేదు.

5, బుధవారం

నిన్న ఏమీ జరగలేదని రాశాను. ఈ డైరీ బీరువాలో నా బట్టల అడుగున ఉంటుంది. తాళం నా దగ్గరే. మరి ఎవరిని నమ్మించడానికి అలా రాశానో నాకే తెలియదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నిన్న పొద్దున బండిని పెట్రోలు బంకుకి తీసుకెళ్ళాను. అక్కడ పనిచేసే ఆవిడకి నేను బాగా తెలుసు. నా స్కూటరుకి వారం వారం అక్కడే కొట్టిస్తాను. బండి ఆపానో లేదో ఫోను మోగింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎలా బతిమాలాలో ఆయన మళ్ళీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టారు. ఇంతలో ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి, "ఎప్పుడూ కొట్టేదేనా మేడం?" అంది.

"ఎప్పుడూ కొట్టేదే. నిండా కొట్టెయ్," అన్నాను.

ఆవిడ ఎప్పుడూ నాకు కొట్టేది పెట్రోలు. బండి ఎప్పుడూ తాగేది డీజిలు. ఇద్దరం నిజమే మాట్లాడుకున్నాం.

ట్యాంకు మూత మీద డీజిలు అని ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు ఆయనే రాశారు. మూత తీసి బోర్లా పెడితే ఆ అక్షరాలు ఎవరికి కనిపిస్తాయి? ముప్పై రెండు జాగ్రత్తల్లో డీజిలన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఇది ఎవరి పొరపాటు?

రెండు సిగ్నళ్ళు దాటేవరకూ అంతా మామూలే. ఆ తర్వాత ముసలిదానికి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. పొట్టలో ఎవరో గులకరాళ్ళ డబ్బా ఆడిస్తున్నట్టు చప్పుడు. బతిమాలాను. బెదిరించాను కూడా. ఊళ్ళో ఆగడానికి ఇన్ని చోట్లుండగా, పోయి పోయి ఫైర్ స్టేషను గేటుకి అడ్డంగా నిలబడి ప్రాణం వదిలింది. అదే క్షణంలో లోపల సైరను మోగింది. నా పై ప్రాణం పైనే పోయింది.

నా అదృష్టం బాగుండి అది ఉత్తుత్తి డ్రిల్లట. ఎనిమిదిమంది హెల్మెట్లతో సహా పరిగెత్తుకొచ్చి బండిని పక్కకి తోశారు. వాళ్ళలో పెద్ద మీసాలాయన ముక్కు ఎగబీల్చి, "ఏదో వాసనొస్తోంది మేడం," అన్నాడు.

"కొత్త పుస్తకాలండీ," అన్నాను.

మీసాలాయన ఒకటి తీసుకుని వాసన చూసి, అట్ట నచ్చిందని చదవడానికి పట్టుకెళ్ళాడు.

తాడు కట్టించి మెకానిక్కు షెడ్డుకి లాక్కెళ్ళాం. మా ఆయనకీ మెకానిక్కుకీ మూడేళ్ళుగా మాటల్లేవు. అప్పుడెప్పుడో మెకానిక్కు ముసలిదాన్ని "డబ్బా" అన్నాడు. అప్పట్నుంచీ మధ్యలో మాటలు మోసేది నేనే. నిన్న మొదటిసారి అది మంచిదే అనిపించింది.

"ఎలా ఆగిందమ్మా?"

"దానంతట అదే ఆగింది."

మెకానిక్కు ఒక గుడ్డపీలిక ట్యాంకులో ముంచి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఈ పెట్రోలు కూడా దానంతట అదే వచ్చిందా?"

నేను షెడ్డు కప్పు వైపు చూశాను. చాలాచోట్ల తుప్పు పట్టింది.

"డీజిల్లో జిడ్డుంటుందమ్మా. లోపలున్న పంపుకి ఆ జిడ్డే నూనె. పెట్రోలు దాన్ని శుభ్రంగా కడిగేస్తుంది. ఇక ఇనుమూ ఇనుమూ రాసుకోవడమే. ట్యాంకు ఖాళీ చెయ్యాలి, గొట్టాలు కడగాలి, పంపు విప్పి చూడాలి. బతికితే బతుకుతుంది. పదిరోజులైనా పడుతుంది." చేతులు తుడుచుకుంటూ, "అవునమ్మా, పోయినసారి నాకిచ్చిన నవల రెండో భాగం వచ్చిందా?" అన్నాడు.

నేనేం పసిపిల్లని కాను. తను నోరు మూసుకోవడానికి ఏం కావాలో ఆ మనిషి మర్యాదగా చెప్పాడు.

ఇంటికొచ్చి ఆయనతో, "బండి ఆగిపోయింది," అన్నాను. ఇందులో అబద్ధమేమీ లేదు. ఆగిపోయింది. "ఎలాంటి చప్పుడు చేసింది? చేసి చూపించు," అన్నారు. చేశాను. "అలా కాదు, ఆగేముందు ఎలా చేసింది?" అన్నారు. అది కూడా చేశాను. అత్తయ్య చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు.

ఆయన మొహం పాలిపోయింది. భోజనం సగంలో వదిలేశారు.

6, గురువారం

పొద్దున్నే ఆయన తలుపు దగ్గరగా వెయ్యమన్నారు. అత్తయ్య వినకూడదట. ఎవరో చెప్పేశారనుకున్నాను.

"నీకో నిజం చెప్పాలి," అన్నారు. "బండి ఆగడానికి కారణం నేనే."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"పోయిన నెల డీజిలు ఫిల్టరు మార్చాలి. మార్చలేదు. మార్చానని బండి రిపేర్ల పుస్తకంలో రాసేశాను. పందొమ్మిదేళ్ళలో ఇదొక్కటే దొంగరాత. ఇప్పుడు మట్టి అడ్డంపడి దాని గొంతు పూడుకుపోయింది."

"ఎందుకు మార్చలేదు?"

"ఆ మధ్యాహ్నం బండిలో ఒక నవల పట్టుకున్నాను. వదల్లేకపోయాను."

పుస్తకాలు మొయ్యడమే తప్ప చదవడం తనకి చేతకాదని పన్నెండేళ్ళుగా నాతో చెబుతూ వచ్చిన మనిషి! ఏ నవల అని అడిగాను. అక్కాచెల్లెళ్ళు విడిపోయి ఆస్పత్రిలో కలుసుకునేది. "ఏడిచాను కూడా," అన్నారు.

అప్పుడే చెప్పెయ్యాల్సింది. నోరు తెరిచాను కూడా. తెరిచిన నోట్లోంచి, "పోనీలెండి, పొరపాట్లు అందరూ చేస్తారు," అనే మాట వచ్చింది.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు కాబట్టి ఇంత తేలిగ్గా తీసుకున్నావు," అన్నారు.

నేను ఆయన్ని క్షమించాను. రాయడానికే సిగ్గుగా ఉంది. అయినా ఆలోచిస్తే, ఫిల్టరు మార్చకపోవడం మాత్రం తప్పు కాదా?

7, శుక్రవారం

రెండో భాగం రిటైరైన లెక్కల టీచరు దగ్గర తొమ్మిది నెలలుగా ఉంది. స్కూటరు మీద వాళ్ళింటికి వెళ్ళాను. ఇంకా పన్నెండు పేజీలున్నాయి, ఇవ్వనంది. మెట్ల మీద కూర్చుని ఆవిడ ఆ పన్నెండు పేజీలూ చదివేదాకా ఎదురుచూశాను. తీసుకెళ్ళి మెకానిక్కు చేతిలో పెట్టాను. మొహం వెలిగిపోయింది. మన సంగతి మన మధ్యే ఉండాలని కళ్ళతోనే చెప్పాను. "కంట్లో ఏదైనా పడిందా అమ్మా?" అన్నాడు. ఎంత నటన!

8, శనివారం

ఆయన మంచం మీద కూర్చునే బట్టలన్నీ మడతపెట్టారు. కూర బాగుందన్నారు. కూర మాడింది.

నేను కూడా ఊరుకోలేదు. అత్తయ్యకి కాళ్ళు పిసికాను, తలకి నూనె రాశాను, ఆవిడ చెప్పిన చిన్ననాటి కథ మూడోసారి విన్నాను. ఇంట్లో ఇంత ప్రేమగా ఎప్పుడూ లేం. ఇప్పుడు నిజం చెప్పి ఇదంతా పాడు చెయ్యడం ఏం మంచితనం? ఆయన మనశ్శాంతి కోసమే ఆగుతున్నాను.

9, ఆదివారం

రేపు చెబుతాను.

10, సోమవారం

రేపు.

11, మంగళవారం

చెబుదామని దగ్గరికి వెళితే ఆయన అంటించిన కవరు ఒకటి నా చేతిలో పెట్టారు. "పెద్దసారుకి ఇవ్వు. సెలవు పొడిగించమని," అన్నారు. మొహం చాలా ప్రశాంతంగా ఉంది. ఇవాళ బాగా నిద్రపడుతుందన్నారు. అంత ప్రశాంతతని చెడగొట్టబుద్ధి కాలేదు.

12, బుధవారం

అది సెలవు చీటీ కాదు.

పెద్దసారు కవరు చించి, చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. "మీవారు చాలా నిజాయితీపరులమ్మా. ఇలాంటి ఉత్తరం నా సర్వీసులో చూడలేదు," అన్నారు. ఫిల్టరు మార్చకుండానే మార్చానని రాసినందుకు, దానివల్ల బండి పాడైనందుకు, తనకి ఇక స్టీరింగు పట్టుకునే అర్హత లేదని ఆయన రాశారు. పాత పేపర్ల గోడౌనులో ఏ పనిచ్చినా చేస్తారట.

"ఆయన కోరినట్టే గోడౌనుకి వేస్తాను," అన్నారు పెద్దసారు. "బండికీ వయసైపోయింది. దాన్నీ తీసేద్దాం. మీరు ఇక్కడే కౌంటర్లో కూర్చోండి. పైన ఫ్యాను కూడా ఉంది."

నిజం చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఉండదు. గది నిశ్శబ్దంగా ఉంది. పెద్దసారు నా వైపే చూస్తున్నారు.

"ఫ్యాను బాగా తిరుగుతుందాండీ?" అని అడిగాను.

నా నోట్లోంచి వచ్చిన మాట అది. అక్షరం మార్చకుండా రాశాను.

ఇంటికొస్తుంటే నీళ్ళ ట్యాంకు వీధి మలుపులో కుట్టుమిషను ఆవిడ కనిపించింది. బుధవారం బండి ఆ వీధికే వెళ్ళాలి. ఆవిడ ఇంట్లోంచి కుర్చీ తెచ్చుకుని, ఒళ్ళో రెండు పుస్తకాలు పెట్టుకుని, ఎండలో కూర్చుని ఉంది. "పోయిన వారమూ రాలేదేమ్మా? ఉన్నదే మళ్ళీ చదివాను. ఈసారన్నా ఆ పిల్ల బతుకుతుందేమో అనుకున్నా. బతకలేదు," అంది. "వచ్చేవారం వస్తారుగా?"

స్కూటరు తిప్పి నేరుగా షెడ్డుకి వెళ్ళాను. బండి పొట్ట విప్పి గోనె మీద పరిచి ఉంది. ఫిల్టరు సంగతి అడిగాను.

మెకానిక్కు దాన్ని చేతిలోకి తీసుకుని చూపించాడు. "ఇదా? మురికిగానే ఉంది. కానీ దీనివల్ల బండి ఆగదమ్మా. ఇంకో రెండు నెలలు లాగేది. ఈ బండిని ఆయన చూసుకున్నట్టు ఎవరూ చూసుకోరు. వేరే బండైతే పంపు కాలిపోయేది. ఇది బతికింది."

"ఆ ముక్క కాగితం మీద రాసిస్తావా?"

"రాస్తా. అప్పుడు పెట్రోలని కూడా రాయాల్సొస్తుంది."

"మరి నాకు మాటిచ్చావుగా? రెండో భాగం తెచ్చిచ్చాను!"

మెకానిక్కు నా వైపు అయోమయంగా చూశాడు. "అది లంచమా అమ్మా? నేను ఊరికే అడిగాను."

13, గురువారం

పొద్దున అత్తయ్య ఒక్కరే వంటింట్లో ఉంటే, ముందు ఆవిడకి చెప్పి ధైర్యం తెచ్చుకుందామనుకున్నాను. "అత్తయ్యా, ఆ రోజు బండిలో..." అన్నానో లేదో, "పెట్రోలు పోయించావు," అన్నారు.

"మీకెలా తెలుసు?"

"నీ బట్టలు ఉతుక్కి వేసింది నేనే కదే. కంపు కొట్టాయి. స్కూటరు తాళం మేకుకే వేలాడుతోంది. మరి పెట్రోలు ఎక్కడ పోయించావు?"

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు?"

"రోజూ కాళ్ళు పిసుకుతున్నావు. ఎన్నాళ్ళు పిసుకుతావో చూద్దామని," అన్నారు.

ఆయన దగ్గరికి వెళ్ళి, నిలబడే, ఒక్క గుక్కలో చెప్పేశాను. బంకు, ఫోను, ఎప్పుడూ కొట్టేదే, ఫైర్ స్టేషను, గుడ్డపీలిక, ఫ్యాను. ఏదీ దాచలేదు.

"నిండా కొట్టించావా?" అన్నారు ఆయన.

"నిండా."

"బంకు నుంచి ఫైర్ స్టేషను దాకా వచ్చిందా?"

"వచ్చింది."

"మధ్యలో ఎత్తు కూడా ఉంది."

"ఎక్కింది."

"పెట్రోలు మీద!" అన్నారు. కళ్ళు మెరిశాయి. "విన్నావా అమ్మా? మా ముసలిది పెట్రోలు తాగి ఆ ఎత్తు ఎక్కింది!" గోడ అవతల నుంచి అత్తయ్య, "నేను ఏమీ తాగలేదు," అన్నారు.

గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. నవ్వు మొహం మెల్లమెల్లగా మారిపోయింది.

"పెట్రోలు పోయించావు. సరే. ఎవరైనా పోయిస్తారు. దాచావు. సరే. భయపడ్డావు. కానీ నువ్వు నన్ను క్షమించావు. వారం రోజులు నన్ను క్షమిస్తూ కూర్చున్నావు. నేను మాడిన కూర తిన్నాను."

మాడిందని తెలిసే తిన్నారన్నమాట.

గోడ వైపు తిరిగి పడుకున్నారు.

14, శుక్రవారం

మాటల్లేవు. "అమ్మా, టీ కావాలని చెప్పు," అంటారు. నేను పక్కనే నిలబడి ఉంటాను. అత్తయ్య, "టీ కావాలిటే," అంటారు. "పెడుతున్నానని చెప్పండి," అంటాను. మధ్యాహ్నానికి అత్తయ్య విసిగిపోయి, ఇంకో మాట మొయ్యాలంటే ఇద్దరూ చెరో కాలూ పిసకాలన్నారు.

నేను పెద్దసారుకి ఉత్తరం రాశాను. నాలుగుసార్లు చింపాను. అయిదోది మూడే వాక్యాలు.

15, శనివారం

పెద్దసారు గదిలో నేను, చంక కింద కర్రతో ఆయన, నూనె చేతులతో మెకానిక్కు. ఆటోలో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఆటో డ్రైవరుతోనే మాట్లాడుతూ వచ్చాం.

పెద్దసారు నా ఉత్తరాన్నీ, ఆయన ఉత్తరాన్నీ పక్కపక్కన పెట్టుకున్నారు. "ఒక బండి. ఇద్దరు దోషులు. మీ ఇంట్లో పోటీ పెట్టుకున్నారా?"

"ఫిల్టరు తప్పు నాదేనండీ," అన్నారు ఆయన.

"బండి ఆగింది మాత్రం నావల్లేనండీ," అన్నాను.

"దొంగరాత రాసింది నేనండీ."

"నేను అసలు నోరే విప్పలేదండీ."

పెద్దసారు చెయ్యెత్తారు. మెకానిక్కు వైపు తిరిగి, "బండి తిరుగుతుందా?" అన్నారు.

"ఇంకో అయిదేళ్ళు తిరుగుతుందండీ. ఇది డబ్బా కాదండీ," అన్నాడు మెకానిక్కు, మా ఆయన వైపు చూడకుండా. ఆయన గోడ మీద క్యాలెండరు చూస్తూ మీసం తుడుచుకున్నారు.

ఇద్దరికీ చెరో మెమో. బండి ఉంటుంది. గోడౌను లేదు, ఫ్యాను లేదు. కట్టు విప్పేదాకా నేనే నడపాలి, ఆయన పక్కన కూర్చుని పుస్తకాలివ్వాలి. "ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచండి," అన్నారు పెద్దసారు.

16, ఆదివారం

మాటల్లేవు. అత్తయ్య కాళ్ళు పిసికాం. కుడిది నేను, ఎడమది ఆయన.

19, బుధవారం

నిన్న సాయంత్రం బండి షెడ్డు నుంచి వచ్చింది. ఇవాళ బయల్దేరాం. బంకులో నేను దిగి నిలబడి, గొట్టం మీద పేరు పైకి చదివి, ఆవిడ చేత కూడా చదివించి, డీజిలు కొట్టించాను. ఆయన కాలు పాత పత్రికల కట్ట మీద చాపుకుని కిటికీలోంచి చూశారు.

బండిలో అత్తయ్య లేరు. అందుకని ఆయన బండితోనే మాట్లాడారు. "ముసలిదానా, మూడో గేరు వెయ్యొచ్చని చెప్పు." నేను మూడో గేరు వేశాను. "ముసలిదానా, వేశానని చెప్పు," అన్నాను.

నీళ్ళ ట్యాంకు వీధిలో నలభైమంది దాకా ఉన్నారు. కుట్టుమిషను ఆవిడ అందరికన్నా ముందు కుర్చీలో. నేను పాతవి వెనక్కి తీసుకుని అరల్లో సర్దుతున్నాను. ఆయన కొత్తవాటిలో గడువు తారీఖు ముద్ర కొట్టి ఇస్తున్నారు. ముద్రలో రోజూ పొద్దున తారీఖు తిప్పుకోవాలి. ఇవాళ్టి నుంచి పద్నాలుగు రోజులు లెక్కేసి పెట్టాలి. ఆ సంగతి చెప్పాలంటే ఆయన నాతో మాట్లాడాలి, లేదా నేను ఆయనతో మాట్లాడాలి. ఇద్దరం మాట్లాడలేదు. నేను ఈ నెల నాలుగో తారీఖున పెట్టిన ముద్రే అందులో ఉంది. దబదబా ముప్పై పుస్తకాల దాకా కొట్టేశారు.

కుట్టుమిషను ఆవిడ తన పుస్తకం తెరిచి చూసుకుంది. "అయ్యా, ఇది నిన్నటికల్లా తిరిగివ్వాలా?"

"దానిమీద ఏముంటే అదేనమ్మా. రూలు రూలే," అన్నారు ఆయన, తలెత్తకుండా.

"ఆరువందల పేజీలయ్యా! నిన్నటికెలా చదవను?"

వరసలో గోల మొదలైంది. ఒకాయన అప్పుడే ఆలస్యమైపోయిందని పుస్తకం వెనక్కిచ్చేశాడు. ఇంకొకావిడ అసలు తను నిన్న వచ్చిందా అని పక్కవాళ్ళని అడిగింది. ఆయన ముద్ర తిప్పి చూశారు. కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. బండి కప్పు వైపు చూశారు. ముసలిదాన్ని అడుగుతారేమో అనుకున్నాను. ముసలిదానికి మాత్రం ఏం తెలుసు?

నేను అరల్లో పుస్తకాలు సర్దుతూనే ఉన్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను.

"ఇదిగో," అన్నారు. ఆరు రోజుల్లో నాతో అన్న మొదటి మాట. "ఇవాళ తారీఖెంత?"

"పందొమ్మిది," అన్నాను. అడక్కపోయినా, "బుధవారం," అని కూడా చెప్పాను. ఏ నెలో కూడా చెప్పబోతుంటే, "నెల నాకు తెలుసులే," అన్నారు.